పిట్టల ఫోటోలకని అక్కను తీసుకెళ్లిన రోజు

ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను గానీ నాకు పిట్టల ఫోటోలు తీయడం రాదు. మొహమాటానికి చెప్తున్న మాట కాదిది. పెళ్లికూతురైతే గడ్డం ఎత్తమంటే ఎత్తుతుంది, నవ్వమంటే నవ్వుతుంది, నవ్వకపోతే పక్కనున్న మేనత్త ఏదో ఒకటి అని నవ్విస్తుంది. పిట్ట నా మొహం కూడా చూడదు. నేను కెమెరా కంటికి ఆనించేసరికి అది ఎగిరిపోయి ఉంటుంది, కొమ్మ మాత్రం ఊగుతుంటుంది. ఆ మార్చి నెలలో ఒక్క రోజులో ఊగుతున్న కొమ్మల ఫోటోలు అరవై డెబ్బై తీశాను. వాటిని చూస్తే నాకు పిట్టలు గుర్తు రావు. మా అక్క గుర్తొస్తుంది, నేను చేసిన వెధవపని గుర్తొస్తుంది.

ఆ పనేమిటో ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి కథ నడిపే ఓపిక నాకు లేదు.

వరంగల్‌లో నాది చిన్న స్టూడియో. మాది క్రైస్తవ కుటుంబం. మా సంఘంలో కొత్త సంవత్సరం మొదటి రోజున ప్రతి మనిషీ ఒక వాగ్దానపు కార్డు తీసుకుంటారు. అరచేతిలో ఇమిడే కార్డు అది. ఒకవైపు ఏదో ఒక బొమ్మ, రెండోవైపు ఒక వాక్యం. బొమ్మ పైకి కనపడేలా పళ్లెంలో పరిచి తెస్తారు. ప్రార్థన చేసుకుని ఒకటి తీయాలి. ఏది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. దాన్ని బీరువా తలుపుకి అంటించుకునేవాళ్లున్నారు, దిండు కింద పెట్టుకునేవాళ్లున్నారు. బిడ్డ పెళ్లి, ఇంటి పునాది అన్నీ ఆ కార్డును బట్టే తేల్చుకునేవాళ్లూ ఉన్నారు. ఆ కార్డులు అచ్చు వేసేది నేనే. కంప్యూటర్ ముందు కూర్చుని చాయ్ తాగుతూ వాక్యాలు టైపు చేసేవాణ్ణి, అచ్చుతప్పులు దిద్దేవాణ్ణి, మిషన్ మీద కత్తిరించేవాణ్ణి. అందుకేనేమో వాటి మీద నాకు భయం పోయింది. మిఠాయి కొట్టువాడికి మిఠాయి మీద మోజు పోయినట్టే.

అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. తాడ్వాయి వైపు అడవి పల్లెల్లో సర్కారు బడి టీచరుగా చేసి, రిటైరై నెక్కొండలో ఒక్కతే ఉండేది. పిల్లలు లేరు. బావ పదేళ్ల కింద గుండె ఆపరేషన్‌కని తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ లోపలికి పోయి, మళ్లీ బయటికి రాలేదు. అప్పటి నుంచి ఆపరేషన్ అనే మాట వింటేనే అక్క అక్కణ్ణుంచి లేచిపోయేది. అలాంటి మనిషికి నిరుడు కాక మొన్నటేడు డిసెంబర్‌లో రొమ్ములో గడ్డ కనపడింది. వరంగల్ తీసుకొచ్చి చూపించాం. డాక్టరు సూటిగా చెప్పాడు. ఇప్పుడు తీసేస్తే బతుకుతారు, ఆలస్యం చేయొద్దు అని.

“జర ఆగుండ్రి,” అంది అక్క. “జనవరి ఒకటి నాడు కార్డు తీసుకుంట. దేవుడు ఏం చెప్తడో చూసి అప్పుడు చెప్త.”

నేనూ నా భార్యా ఎంత బతిమాలినా వినలేదు. మా అక్క మొండితనం ముందు నా మొండితనం ఏ మూలకీ రాదు. అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. తెలివైనదని అప్పుడనుకున్నాను. పన్నెండు కార్డులు వేశాను. పన్నెండింటికీ బొమ్మలు వేరు. వెనకాల వాక్యం మాత్రం పన్నెండింటి మీదా ఒక్కటే, జబ్బు బాగు చేస్తానని దేవుడు మాటిచ్చే వాక్యం. కొత్త సంవత్సరం పొద్దున అక్క నెక్కొండలో రైలెక్కి మా ఇంటికొచ్చింది. మేమంతా అప్పటికే చర్చిలో కార్డులు తీసుకున్నాం. అక్క కోసం మిగిలినవి తెచ్చానని చెప్పి పళ్లెం ముందు పెట్టాను. ఏది తీసినా అదే వస్తుంది. ఆ మాట చూసుకుని ధైర్యం తెచ్చుకుంటుంది, ఆపరేషన్‌కు ఒప్పుకుంటుంది అనుకున్నాను.

ఆమె కార్డు తిప్పి చదివింది. కళ్లకద్దుకుంది. ఏడ్చింది. ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని అంది:

“ఇగ కత్తి ఎందుకురా? బాగు చేస్తనని ఆయన మాటిచ్చినంక నేను పోయి కత్తి పెట్టిచ్చుకుంటే, ఆయన్ని నమ్మనట్టే గదా.”

అప్పుడే ఆ మిగతా పదకొండు కార్డులు తిప్పి చూపించి ఉంటే సరిపోయేది. చూపించలేదు. నా భార్య వంటింట్లోంచి పాయసం గిన్నెలతో వచ్చింది, అక్క నవ్వుతోంది, పదేళ్ల తర్వాత అంత తేలిగ్గా నవ్వుతోంది. నేను పళ్లెం తీసుకుని లోపలికి పోయాను. ఆ పదకొండూ స్టూడియోలో ముక్కలు ముక్కలు చేసి పారేశాను.

జనవరి పోయింది. ఫిబ్రవరి పోయింది. వారానికోసారి ఫోన్ చేసేవాణ్ణి, ఇవాళ చెప్పాలి అనుకుంటూనే. “మంచిగున్నరా, ఫికర్ జేయకు,” అనేది. ఫోన్ పెట్టేసి నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. పెళ్లిళ్లలో ఫోటోలు తీస్తుంటే చేతులు వాటి పని అవి చేసేవి, బుర్ర మాత్రం ఆ పళ్లెం దగ్గరే ఉండేది. ఇంట్లో చెబితే భార్య ఏమంటుందో తెలుసు. పాస్టరుగారికి చెప్పే మొహం నాకు లేదు.

చివరికి మార్చి నడుమ ఒక సాకు దొరికింది. నా కార్డుల మీద బొమ్మలన్నీ ఇంటర్నెట్‌లోంచి తీసినవి. మంచు కొండలు, మన దగ్గర ఎవరూ చూడని పూలు, హంసలు. అక్క ఏటా నన్ను ఆటపట్టించేది. “మన దిక్కు దేవుడు పువ్వులు పుట్టియ్యలేదారా? పిట్టలన్నీ మంచుల్నే ఉంటయా?” అని. ఆ మాటే పట్టుకున్నాను. వచ్చే ఏటి కార్డులకు మన అడవి పూలు, మన పిట్టల ఫోటోలు తీద్దాం, నాకు పేర్లు తెలియవు, నువ్వు వస్తేనే అవుతుంది అన్నాను. ఎగిరి గంతేసినంత పని చేసింది. ఇంట్లో అయితే ఏడుపులవుతాయి, చుట్టుపక్కలవాళ్లు వస్తారు. కారులో ఇద్దరమే ఉంటాం, చెప్పి తీరాల్సిందే అని నా లెక్క.

తెల్లారేసరికి నెక్కొండ చేరాను. అక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. చేతిలో సర్వపిండి డబ్బా, సీసాలో మజ్జిగ. బక్కచిక్కి ఉంది. చీర కుచ్చిళ్లు నడుము దగ్గర లావుగా పోగుపడ్డాయి. నేను చూసీ చూడనట్టు డబ్బా అందుకున్నాను.

“గింత పెద్ద కెమెరా తెచ్చినవ్, పిట్టలు భయపడి సస్తయి,” అంది ఎక్కుతూనే.

నర్సంపేట దారంతా కళ్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. అద్దం దించితే ఘాటుకి తుమ్ములు. రోడ్డు పక్కన ముళ్లాకుల నడుమ పసుపు పచ్చ పూలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. అక్క ఆపమంది. బలురక్కసి అని చెప్పింది. ఆ ముళ్లలో మోకాళ్ల మీద కూర్చుని తీస్తే నాలుగు ఫోటోలకు ప్యాంటు రెండు చోట్ల చిరిగింది. అక్క కారు దగ్గర నిలబడి ఒకటే నవ్వు. “పెండ్లిపిల్ల కంటే ఎక్కువ నఖరాలు చేస్తాంది గదరా ఆ పువ్వు!” అంది. కాసేపటికి కరెంటు తీగ మీద పాలపిట్ట కనపడింది. నేను లెన్సు మార్చుకునేలోపు లేచిపోయింది. రెక్కలు విప్పితే ఎంత నీలమో అక్క వివరంగా చెప్పింది. నాకు తీగ ఒక్కటే దక్కింది.

అలా నవ్వుతుంటే చెప్పడం ఎలా? నర్సంపేటలో చాయ్ తాగేటప్పుడు చెబుదామనుకున్నాను, హోటల్ నిండా జనం. పాకాల చెరువు కట్ట మీద అయితే ఎవరూ ఉండరు, అక్కడ చెప్తానని నాకు నేను మాటిచ్చుకున్నాను.

పాకాలలో నీళ్లు వెనక్కి పోయి ఒడ్డున బురద ఎండి నెర్రెలు విచ్చింది. నీళ్లలో మోడైన చెట్టు మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. అవి కదలవు కాబట్టి నాలాంటివాడికీ చిక్కాయి. అక్క “అదిగో, లకుముకి పిట్ట!” అని ఎడమ చెయ్యి ఎత్తబోయి, సగంలోనే అబ్బా అని దించేసింది. నేను కెమెరాలోంచి ఆమెనే చూస్తున్నాను. దూరాన్ని దగ్గర చేసే లెన్సు అది. వద్దన్నా అన్నీ కనపడతాయి. ఎడమ చెయ్యి మోచేతి కింద నుంచి వేళ్ల దాకా ఉబ్బి ఉంది. ఆ చేతికి గాజులు లేవు. ఎప్పుడూ ఎడమ చేతికి ఉండే గడియారం కుడి చేతికి మారింది.

“అక్కా, ఆ చెయ్యి…”

“జర నీరు దిగింది, గంతే. పోతది.” కొంగు మీదికి లాక్కుంది. తర్వాత నీళ్లవైపు చూస్తూ, సిగ్గుపడుతున్నట్టు అంది: “నీకొక మాట చెప్పాల్ననుకున్న. ఈస్టర్ నాడు చర్చిల సాక్ష్యం చెప్త. దేవుడు నాకు ఎట్ల మాటిచ్చిండో, నేను కత్తి లేకుంట ఎట్ల బాగైతాన్నో అందరి ముంగట చెప్త. పాస్టరమ్మకు చెప్పిన కూడ. నువ్వు వీడియో తియ్యాలె.”

నూరుమంది ముందు లేచి నిలబడి నేను అచ్చువేసిన అబద్ధానికి సాక్ష్యం చెబుతుంది. దాన్ని విని ఇంకెంతమంది ఆపరేషన్లు మానుకుంటారో. ఇంత విన్నా “సరే తీస్త,” అన్నాను. ఆ మాట అన్న నోటిని చెప్పుతో కొట్టాలి.

మల్లంపల్లి, ములుగు, పస్రా దాటి తాడ్వాయి అడవిలోకి వచ్చేసరికి పదకొండు కావొచ్చింది. అక్కడ మోదుగులు. ఆకు లేదు, కొమ్మ కొమ్మకీ పువ్వే. మేడారం పోయేవాళ్లంతా అక్కడ కార్లు ఆపి సెల్ఫీలు దిగుతారు, మోదుగుల కింద వాటర్ ప్యాకెట్లు రాలిన పూలకంటే ఎక్కువున్నాయి. అక్క లోపలికి ఒక బాట చూపించింది, ఒకప్పుడు బడికి పోయే బాటట. అటు పోతే నాలుగు గుడిసెల ఊరు. ఒకావిడ ఇంటి ముందర చాప మీద ఇప్పపువ్వు ఆరబోస్తోంది. అక్కను చూడగానే లేచి పరుగెత్తుకొచ్చింది. చిన్నప్పుడు అక్క దగ్గర చదువుకుందట.

“టీచరమ్మా! గిట్లైనవేంది? గుర్తు పట్టనే లే,” అని అక్క చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చేతిని ఎత్తి చూసింది. “ఏమైంది గీ చేతికి? దవాఖానకు పోయినవా?”

“దవాఖాన ఎందుకు బిడ్డా, నాకు దేవుని మాట వచ్చింది,” అంది అక్క. ఆవిడ అర్థం కాక నావైపు చూసింది. దవాఖానకు తీసుకుపోవాల్సినవాడివి నువ్వే కదా అన్నట్టు చూసింది. నా తప్పు నాకే అలా తోచిందో, నిజంగానే అలా చూసిందో. నేను తల దించుకుని నేల మీద ఆరబోసిన పూలను ఫోటో తీశాను. ఆ ఫోటో మసక వచ్చింది.

వెనక్కి వచ్చేటప్పుడు బాట పక్కన ఒక మోదుగు కింద అక్క ఆయాసపడి కూలబడింది. పైన గోరింకలు ఒకటే గోల, పువ్వు మీద పువ్వు మారుతున్నాయి. “తియ్యిరా, నాలుగైదు కలిసే ఉన్నయి,” అంది. నేను కెమెరా మెడలోంచి తీసి కింద పెట్టాను. ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.

“అక్కా, ఆ కార్డు దేవుడిచ్చింది కాదు. నేను పెట్టిన.”

“ఏం కార్డురా?”

“జనవరి ఒకటి నాడు నువ్వు తీసిన కార్డు. పళ్లెంల ఉన్న పన్నెండింటి మీద గా వాక్యమే రాసి పెట్టిన. నీకు ధైర్యం వస్తది, ఆపరేషన్‌కు ఒప్పుకుంటవ్ అనుకున్న. నువ్వు ఉల్టా అనుకుంటవని నాకు తెల్వదక్కా.”

ఆమె ఒళ్లో రాలిన పువ్వొకటి తీసి రేకలు సరిచేస్తూ కూర్చుంది. తర్వాత బళ్లో పిల్లవాణ్ణి అడిగినట్టు, మెల్లగా, ఒక్కొక్కటీ అడిగింది.

“పన్నెండింటి మీద గదేనా?”

“ఔనక్కా.”

“ఏది తీసినా గదే వచ్చేదా?”

“ఔను.”

“నేను మొదలు హంస బొమ్మ మీద చెయ్యి పెట్టిన. ఏమో, వద్దనిపిచ్చింది. గా పక్క తెల్ల పువ్వుది తీసిన. నీకు యాదున్నదా?” నేను తల ఊపాను. “దేవుడే నా చెయ్యి పట్టుకొని పక్కకు జరిపిండనుకున్నరా. మూడు నెలల సంది రోజు పండుకునేటప్పుడు గదే యాది చేసుకుంటాన. నా చెయ్యి ఎట్ల జరిగిందో యాది చేసుకొని మంచిగ నిద్రపోతాన.”

ఇంత బతుకులో నన్ను ఎవరూ అంత గట్టిగా కొట్టలేదు. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. తిడుతుందని చూశాను, చిన్నప్పుడు సిలబరు గిన్నెకు సొట్ట పెట్టినందుకే వీధి వీధంతా వినపడేలా తిట్టిన మనిషి. తిట్టలేదు. కుడి చేత్తో నా భుజం పట్టుకుని లేచి నిలబడింది.

“పిట్టలు తియ్యి ముందు. గింత దూరం వచ్చినం,” అంది.

తీశాను. ఊగుతున్న కొమ్మలు ఎక్కువ ఆ చెట్టువే.

దారిలో సర్వపిండి డబ్బా తెరవలేదు. నెక్కొండలో దిగేటప్పుడు, సాక్ష్యం సంగతి పాస్టరమ్మకు తానే చెప్పుకుంటానంది. మూడో రోజు పొద్దున్నే ఫోన్ చేసింది. “ఎప్పుడు పోదాం దవాఖానకు?” అని ఒకే మాట. నేను ఆ పూటే బయల్దేరి తీసుకొచ్చాను. ఎక్కడో ఒక మూల నాకు ఆశ ఉంది. చెప్పాను కదా, ఇక అంతా సర్దుకుంటుంది అనే ఆశ. నిజం చెప్పినవాడికి ఏదో ఒక బహుమానం దొరకాలని మనిషి అనుకుంటాడు, సిగ్గులేకుండా.

స్కానులు తీశారు. పాత డాక్టరే. కాగితాలు చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఎముకల్లోకి పాకింది, ఇప్పుడు కోసి లాభం లేదు, మందులు వాడదాం, కొంత కాలం నెట్టుకురావచ్చు అన్నాడు. ఆ తర్వాత అతనికి కోపం వచ్చింది. మంచి డాక్టరు కాబట్టే వచ్చింది.

“డిసెంబర్‌లోనే చెప్పాను కదమ్మా! అప్పుడొస్తే అయిపోయేది. మూడు నెలలు ఏం చేశారు? ఎవరు ఆపారు మిమ్మల్ని?”

నేను కుర్చీలోంచి ముందుకు జరిగాను. చెప్పడానికే జరిగాను, దేవుడి తోడు. అక్క ఉబ్బిన చేతిని నా మోకాలి మీద వేసి అదిమింది.

“ఎవ్వరాపలే సారు,” అంది. “మా తమ్ముడు రోజు మొత్తుకున్నడు రమ్మని. నేనే మొండికేసిన. కత్తంటే భయం నాకు.”

డాక్టరు నావైపు జాలిగా చూశాడు. ఆ జాలిని నేను మోయలేకపోయాను. బయట వరండాలో, మందుల చీటీ చేతిలో పట్టుకుని అడిగాను.

“ఎందుకక్కా గట్ల చెప్పినవ్? నేను చెప్పేటోన్ని గదా.”

“నువ్వు చెప్తే ఆయన నిన్ను తిడ్తడు. పదిమంది ముందర నా తమ్ముణ్ని ఆయనెందుకు తిట్టాలె? తిట్టేదుంటె నేనే తిడ్త. ఇంటికి పోయినంక తిడ్త, ఆగు.”

ఆ రోజు నుంచి మా ఇంట్లోనే ఉంది. రెండు వారాలకోసారి మందు ఎక్కించుకోవడానికి నేనే తీసుకుపోయేవాణ్ణి. బండి జోరుగా నడిపితే తిట్టేది. కూరలో ఉప్పెక్కువైతే నా భార్యను వదిలేసి నన్ను తిట్టేది, కూరగాయలు తెచ్చింది నేనే కాబట్టి. స్టూడియో షట్టర్‌కు రంగేయనందుకు, గడ్డం గీయనందుకు, చర్చికి ఆలస్యంగా పోయినందుకు తిట్టేది. తాను పోయాక ఎవరు తిడతారో అన్నట్టు రోజంతా తిట్టేది. ఆ ఒక్క సంగతి మాత్రం ఎత్తలేదు. నేను కాచుకు కూర్చున్నాను. ఒక్కసారి కడుపుమంట తీరా తిట్టేస్తే, ఆ తిట్లు పట్టుకునైనా బతకొచ్చు అనిపించేది.

వానాకాలం పోయాక మంచం దిగడం మానేసింది. ఒక సాయంత్రం ఇంట్లో ఎవరూ లేరు. గోరువెచ్చని నీళ్లతో కాళ్లు తుడుస్తూ, ఇక ఉండబట్టలేక నేనే అడిగాను.

“అక్కా, తిడ్తనంటివి గదా. ఇంక తిట్టకపోతివి.”

కళ్లు తెరిచి నన్ను చూసింది. చాలా అలసిపోయి ఉంది.

“తిడ్త తియ్యిరా,” అంది. “ఇయ్యాల పానం మంచిగ లేదు. రేపు తిడ్త.”

మర్నాడు నేను స్టూడియో తెరవలేదు. పొద్దున్నించీ మంచం పక్కనే కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. అప్పటికే ఆమెకు మాట పడిపోయింది.